కనబడకూడని మనిషి

తెరమీద ఒక ఆకారం నేలమీద బోర్లా పడుకుని ఉంది. ఎదురుగా గుడారం. ఆకారం కాస్త ఎడమకి జరిగి, తుపాకీ సవరించుకుని, సరాసరి గుడారం గోడలోకి ఒక్క గుండు పేల్చింది. గుడారానికి అవతల, దూరాన నిలబడ్డ మనిషి కుప్పకూలాడు.

బురుల్ దాన్ని వెనక్కి తిప్పి మళ్ళీ చూసింది. ఇంకో రోజు ఆట తీసి చూసింది. అదే పచ్చిక, అదే గుడారం, అదే పడక, అదే గుండు. ప్రతిసారీ అవతల ఎవడో ఒకడు తనకేం జరిగిందో తెలియకుండానే పోతున్నాడు.

"చూశావా?" అన్నాడు ఆమె కుర్చీ వెనక నిలబడ్డ మెదెర్‌బెక్. "గోడల్లోంచి చూసే కళ్ళు! ఇలాంటి కళ్ళు మా అమ్మకి తప్ప ఇంకెవరికీ లేవనుకున్నా. సిగరెట్టు జేబులో దాచినా మేజోట్లో దాచినా చెప్పేసేది."

మెదెర్‌బెక్ ఆ కంపెనీ యజమాని. బిష్కెక్‌లో ఒక పళ్ళ డాక్టరు ఆసుపత్రి పై అంతస్తులో కూర్చుని వాళ్ళు తయారు చేసిన ఆట ఇప్పుడు ఊరిలోని కంప్యూటర్ క్లబ్బులన్నిట్లోనూ ఆడుతోంది. రెండు జట్లు ఒకదాన్నొకటి వెతుక్కుని కాల్చుకోవాలి. చూడబోతే అంతే, కానీ శనివారం జరగబోయే ఫైనల్ ఆటకి నాటకశాలే అద్దెకు తీసుకున్నారు. ఫైనల్‌కి వచ్చిన జట్లలో ఒకదానికి ప్రాణం పోసింది ఈ పడుకుని కాల్చే మనిషే. పేరు మునారా. ఓష్ బజారులో మేనమామ నడిపే, మాంసం కూరి పొయ్యిలో కాల్చే సమ్సాల దుకాణంలో పొద్దున్నంతా పనిచేసి, మధ్యాహ్నం నుంచి క్లబ్బులో కూర్చుంటుందట.

"ఆడపిల్లా?" అంది బురుల్.

"అదే కదా నేనూ అనేది."

ఆ మాట బురుల్‌కి గుచ్చుకోవాల్సింది. కాలేజీలో తన ప్రోగ్రాం చూసి ఇది మీ అన్న రాశాడా అని అడిగిన మేష్టారు ఆమెకింకా గుర్తే. గుచ్చుకోలేదు. అనుమానం అనేది అలాంటిది, ఒకసారి కూర్చున్నాక వచ్చిన ప్రతి మాటనీ తన పక్కనే కూర్చోబెట్టుకుంటుంది.

ఈ ఆటలో బురుల్ పని వస్తువుల్ని మాయం చేయడం. కొండలు, గుడారాలు, బళ్ళు, గుర్రాలు, రాతిగోడలు అన్నీ ఏకబిగిన గీస్తూ పోతే క్లబ్బుల్లోని పాత కంప్యూటర్లు ఆయాసపడి ఆగిపోతాయి. అందుకని ఆటగాడు నిలబడ్డ చోటునుంచి కనబడనివాటిని గీయకుండా వదిలేయాలి. ఏది కనబడుతుందో ఏది కనబడదో నిక్కచ్చిగా తేల్చాలంటే ఆ లెక్కకే యంత్రం రోజుల తరబడి కూర్చోవాలి. బురుల్ నిక్కచ్చి జోలికి పోలేదు. నేలని గళ్ళుగా కోసింది. ఒక్కో గడిలోంచి చుట్టూ వేలకొద్దీ చూపుగీతలు విసిరింది. గీతకి తగిలినవి కనబడేవి, ఏ గీతకీ తగలనివి కనబడనివి. ఆ తేల్చినదంతా ఒక పట్టికగా కట్టి ఆటలో పెట్టింది. గీతలు విసిరేటప్పుడు గుడారాన్ని గుడారంలా కాక పెద్ద పెట్టెలా లెక్కేసుకుంది. ఉజ్జాయింపే. కానీ ఆ ఉజ్జాయింపు వల్లే చచ్చుబడిన యంత్రాల మీద కూడా ఆట గుర్రంలా పరిగెత్తేది. మనుషుల్ని మాత్రం ఎక్కడున్నా గీయనిచ్చేది. ఒక రాయి పొరపాటున మాయమైతే ఎవడూ పట్టించుకోడు, మనిషి మాయమైతే క్లబ్బులు తగలబెడతారు.

ఆ పట్టికకి కొత్త కొలువు ఇప్పించింది మెదెర్‌బెక్. "ఈ గడిలోంచి ఆ గడి కనబడదని నీ పట్టిక చెబుతోంది కదా. కనబడకూడని మనిషిని పదే పదే కొట్టేవాడెవడు? గోడలు తీసేసే దొంగ ప్రోగ్రాం పెట్టుకున్నవాడు. అవునా కాదా?" అన్నాడు వసంతంలో. బురుల్ అవునంది. కాదనడానికి ఏముంది? తన లెక్కని కాపలాకి పెడుతున్నారంటే ఎవరికి చేదు? అప్పటినుంచీ పట్టిక దొంగల్ని పట్టి ఇస్తోంది, బురుల్ సంతకం పెడుతోంది, వాళ్ళు ఆటలోంచి వెళ్ళిపోతున్నారు.

అయినా సంతకం ముందు సరిచూసుకోవడం ఆమె అలవాటు. అసలు ఆట తెరిచి ఆ 'వేసవి పచ్చిక'లోకి వెళ్ళింది. గుడారం చుట్టూ ఒక చుట్టు తిరిగింది. మందమైన తెల్లకంబళి, దానిమీద ఎర్రదారం కుట్టు. చేత్తో తడిమితే బరువు తెలుస్తుందన్నంత బాగా చేశాడు బొమ్మలు చేసే కుబాత్. గుండు ఈ కంబళిలోంచి దూసుకుపోతుంది, అది ఆట నియమమే. చూపు మాత్రం పోదు.

"రేపు పిలిపించన్నా," అంది బురుల్. "మొహం చూసి వేస్తాను వేటు."

*

మునారా వచ్చినప్పుడు ఆఫీసంతా ఉల్లిపాయ, కొవ్వు కలిసిన సమ్సా వాసన నిండింది. పొట్టి పిల్ల. ముంజేతుల మీద పొయ్యి అంచు తగిలిన కాలిన మచ్చలు, కొన్ని పాతవి, కొన్ని ఇంకా ఎర్రగా ఉన్నవి. కూర్చోమంటే కుర్చీ అంచున కూర్చుంది. టీ ఇస్తే ముట్టలేదు.

"నువ్వే కొడుతున్నావా, నీ పేరుతో ఇంకెవరైనానా?" అని మొదలుపెట్టాడు మెదెర్‌బెక్.

"నా పేరుతో ఇంకెవడైనా సమ్సాలు కాలిస్తే బాగుండు. ఆటైతే నేనే ఆడతాను."

"దేంతో ఆడతావు?"

"చేతుల్తో."

మెదెర్‌బెక్ నవ్వాడు. బురుల్ నవ్వలేదు. అంత చురుగ్గా జవాబిచ్చేవాళ్ళు ముందే తయారై వస్తారని ఆమె లెక్క. తెర ఆ పిల్లవైపు తిప్పి, రికార్డు పెట్టింది. పడుకున్న ఆకారం, గుడారం, గుండు.

"గుడారం అవతల మనిషి ఉన్నాడని నీకెలా తెలిసింది?"

"కనబడ్డాడు."

"గోడలోంచా?"

"గోడలోంచి ఎందుకు కనబడతాడక్కా? కిందనుంచి."

"కిందనుంచంటే?" అని బురుల్ బొమ్మని ఆపి దగ్గరికి లాగింది. గుడారం గోడ నేలదాకా ఉంది. నేలకీ గోడకీ మధ్య వెంట్రుక దూరేంత సందు లేదు. "చూపించు. ఎక్కడ?"

మునారా ముందుకి వంగి తెరని చూసింది. కళ్ళు చికిలించింది. తలుపు పొరబడి వేరేవాళ్ళింట్లో దూరినట్టు అయోమయంగా పెట్టింది మొహం.

"ఇది మా ఆట కాదు. ఇవేవో అట్టపెట్టెలు."

"పరిశీలనకి ఇలాగే చూస్తాం. బొమ్మ మోటుగా ఉంటుంది, లెక్క మాత్రం అదే."

"అది కాదు, అక్కడ కంబళి..." అంటూ చేత్తో ఏదో పైకి చుట్టినట్టు చూపించింది.

"కంబళి ఉంది. కనబడుతూనే ఉంది," అన్నాడు మెదెర్‌బెక్. "పట్టుబడ్డ ప్రతివాడూ ఇదే పాట. ఒకడు కుక్క మొరిగిందన్నాడు, ఇంకొకడు నీడ కనబడిందన్నాడు. నువ్వు కింద సందంటున్నావు."

మునారా కాసేపు బురుల్‌నే చూసింది, ఈ ఇద్దరిలో మాట వినగలిగేది నువ్వేనన్నట్టు. "అక్కా, ఒక్కటి చెప్తాను. ఆ చోట పడుకుంటే అవతలివాడు భలే తేటగా కనబడతాడు. వాడి వెనక బళ్ళుండవు, గోడ ఉండదు, ఏమీ ఉండదు. గాల్లో వేలాడదీసినట్టుంటాడు. అలా ఉంటే ఎవరైనా కొడతారు. మా మామయ్య కూడా కొడతాడు, ఆయనకి శుక్లాలు."

ఆ మాటతో బురుల్ లోపల ఏదో టక్కున మూసుకుంది. వెనక ఏమీ ఉండదట! గోడల్నీ బళ్ళనీ తీసిపారేసి మనుషుల్ని మాత్రం మిగిల్చేవి సరిగ్గా దొంగ ప్రోగ్రాములే. పిల్ల తన నోటితోనే ఒప్పేసుకుంది, ఒప్పుకున్నానన్న స్పృహ కూడా లేకుండా.

"సరే, వెళ్ళిరా," అంది.

"అంటే?"

"సాయంత్రం తెలుస్తుంది."

మునారా లేచింది. తలుపు దగ్గర ఆగి, "మీరు చూడ్డానికి పిలిచారా, నాకు చూపించడానికి పిలిచారా?" అంది. జవాబు కోసం ఆగకుండా మెట్లు దిగిపోయింది.

సాయంత్రం బురుల్ సంతకం పెట్టింది. ఆటలోని ప్రకటనల పలకమీద మునారా పేరు, పక్కన వేటు పడినట్టు ఎర్రగుర్తు, కింద బురుల్ పేరు. గంట తిరక్కుండానే దాని కింద జనం రాతలు మొదలుపెట్టారు. ముందే అనుకున్నాం అన్నవాళ్ళే అందరూ. ఆడది అంత బాగా కొట్టడమేంటని ఒకడు రాస్తే, ఆమె జట్టు నాయకుడే దాన్ని మెచ్చుకుంటూ గుర్తు పెట్టాడు.

*

మర్నాడు బురుల్ ఆ క్లబ్బుకి వెళ్ళింది. వేటు వేశాక వెళ్ళాల్సిన అవసరం లేదు. కానీ ఆ పిల్ల చేత్తో పైకి చుట్టినట్టు చూపించిన సైగ పొద్దున్నుంచీ పంటికింద రాయిలా ఉంది. ఆ దొంగ ప్రోగ్రామేదో ఆమె కూర్చునే యంత్రంలోనే దొరికితే మనసుకి స్థిమితం.

క్లబ్బు ఒక నేలమాళిగ. పైన ఎండ మాడ్చేస్తుంటే లోపల చల్లగా, చెమట వాసనగా ఉంది. నడిపేది జెన్నెత్ అనే లావుపాటి ఆవిడ. ఆవిడ బురుల్ ఎవరో తెలుసుకుని, "మా పిల్ల పరువు తీసింది చాలక కంప్యూటర్ కూడా విప్పుతావా? విప్పు. స్క్రూలు మాత్రం లెక్కపెట్టి పో," అని దారిచ్చింది.

మునారా కుర్చీ సీటు ఒక పక్కకి కుంగిపోయి ఉంది. బురుల్ అందులోనే కూర్చుని యంత్రమంతా గాలించింది. ఆట తప్ప ఏమీ లేదు. ఎవరో కుర్రాడు దాచుకున్న పెళ్ళి పాటలు, అంతే. దొరక్కపోయేసరికి ఆమె అనుమానం తగ్గిందా అంటే పెరిగింది. ఇంత శుభ్రంగా తుడిచిపెట్టిందంటే గట్టి పిండమే అనుకుంది.

"ఏం దొరకదక్కా," అన్నాడు పక్క కుర్చీలోంచి ఒకడు. సన్నటివాడు, మెడలో గొలుసు, నోట్లో పొద్దుతిరుగుడు గింజలు. "నన్నూ వసంతంలో మీరే పంపేశారు. ఎల్దియార్. గుర్తున్నానా? ఇప్పుడు మా తమ్ముడి పేరుతో ఆడుకుంటున్నా. చెప్పకండేం." అని కన్ను కొట్టాడు.

బురుల్ ఆట తెరిచి 'వేసవి పచ్చిక'లోకి దిగింది. ఆడి చాలా కాలమైంది. చేతులు తిరగడం లేదు. గుడారం దగ్గరికి చేరేలోపే ఎవడో వెనకనుంచి కాల్చాడు. ఆమె ఆకారం నేలకొరిగింది. చచ్చినవాడి చూపు ఆట ముగిసేదాకా పడ్డచోటే ఉంటుంది. గడ్డిపోచలు, ఒక పురుగు, పక్కకి వాలిన లోకం.

"అక్కా, చచ్చిపోయావ్," అన్నాడు ఎల్దియార్ సంతోషంగా.

ఆమె తెరకేసి వంగింది.

గుడారం కంబళి నేలదాకా లేదు. అంచు మూరెడెత్తుకి చుట్టి, తాడుతో కట్టేసి ఉంది. దాని కింద అడ్డదిడ్డంగా అల్లిన కర్రల తడిక. తడిక కన్నాల్లోంచి గుడారం లోపలి నేల, చెక్కపెట్టె కాళ్ళు, అవతలి వైపు తడిక, ఆపైన పచ్చిక. ఆ పచ్చిక చివర ఒక మనిషి, బూట్లనుంచి టోపీదాకా. వాడి వెనక ఉండాల్సిన బళ్ళు లేవు. రాతిగోడ లేదు. గుర్రాలు లేవు. ఉత్త ఆకాశం. మనిషి గాల్లో వేలాడదీసినట్టున్నాడు.

మొన్న తాను ఈ గుడారం చుట్టూ నిలబడి తిరిగింది. నిలబడ్డ మనిషికి కనబడేది కంబళే, కింది తడిక గడ్డి నీడలో కలిసిపోతుంది. చూపుగీతలు కూడా నిలబడ్డ మనిషి కంటి ఎత్తునుంచే విసిరింది, గుడారాన్ని పెట్టెగా లెక్కేసి. పడుకున్నవాడి కంటికి పెట్టె లేదు, తడిక ఉంది. తడిక అవతల ఉన్నవన్నీ కనబడనివని పట్టిక నమ్మింది కాబట్టి బళ్ళనీ గోడనీ గీయకుండా వదిలేసింది. మనిషిని మాత్రం వదల్లేదు, ఎందుకంటే మనుషుల్ని వదలొద్దని ఆమే రాసింది. బళ్ళనీ గోడల్నీ మాయం చేసి మనుషుల్ని మిగిల్చే ఆ దొంగ ప్రోగ్రాం కోసం ఆమె ఈ నేలమాళిగంతా వెతికింది. అది ఆమె రాసిందే. అవతలి మనిషిని ఎత్తి ఆ పిల్ల గురికి అందించిందీ అదే, తరవాత ఎలా చూశావని నిలదీసిందీ అదే.

"లే అక్కా, నీ వంతు అయిపోయింది," అన్నాడు ఎల్దియార్.

బురుల్‌కి సిగ్గు మెడనుంచి చెవులదాకా కాలుతోంది. దానికింద, ఇంకా సిగ్గుమాలినది, ఇది ఎవరికీ తెలియకపోతే బాగుండునన్న ఆశ.

*

శుక్రవారం పొద్దున ఆ ఒక్క గుడారం మట్టుకు యంత్రం చేత నిక్కచ్చి లెక్క కట్టించింది. పెట్టె తీసేసి అసలు గుడారం, పడుకున్న మనిషి కన్ను. లెక్క ముగిసేలోగా కుబాత్ దగ్గరికి వెళ్ళింది. కుబాత్ ఆటలోని బొమ్మలన్నీ చేసేవాడు, అందరికంటే పెద్దవాడు, సోన్-కుల్ సరస్సు దగ్గర గుర్రాల మధ్య పెరిగినవాడు.

"కుబాత్ అన్నా, గుడారం అంచు ఎందుకెత్తావు?"

"ఎందుకేంటి? వేసవి కదా."

"అయితే?"

కుబాత్ ఆమెకేసి వింతగా చూశాడు. "ఎండలో కంబళి నేలదాకా దించుకుని లోపల ఎవరు కూర్చుంటారమ్మా, ఉడికిపోరూ? కింద ఎత్తి కడితే గాలాడుతుంది. మా అమ్మ తెల్లారగానే చేసే పని అది. నువ్వెప్పుడూ గుడారంలో ఉండలేదా?"

"ఉన్నాను. నౌరూజ్ పండక్కి చౌక్‌లో వేస్తారుగా."

"మార్చి నెలలో. మంచులో." అని నవ్వాడు. "ఊళ్ళో పుట్టినవాళ్ళకి గుడారమంటే ఆ ఫొటోలు దిగేదే."

"మరి నాకు చెప్పలేదేం?"

"నువ్వేమడిగావు? లెక్కకి పెట్టె కావాలన్నావు. పెట్టె ఇచ్చాను. మొదట్నుంచీ ఇస్తూనే ఉన్నాను." కోపంగా ఏమీ అనలేదు. అడిగిన కొలతకి పలక కోసిచ్చిన వడ్రంగి చెప్పినట్టే చెప్పాడు.

లెక్క పూర్తయ్యేసరికి మెదెర్‌బెక్ వచ్చాడు. బురుల్ తెర చూపించింది. పడుకున్న కంటినుంచి బయల్దేరిన గీతలు తడికలోంచి దూరి అవతలి మనిషికి తగులుతున్నాయి, ఒకటీ రెండూ కాదు, గుత్తులుగా.

మెదెర్‌బెక్ గబుక్కున కూర్చున్నాడు. తరవాత కుబాత్‌ని కేకేశాడు.

"ఆ అంచు దించడానికి ఎంతసేపు?"

"టీ తాగేంత," అన్నాడు కుబాత్. "ఎందుకు?"

"దించేయ్. రాత్రికల్లా అన్ని క్లబ్బులకీ పంపించేయాలి. రేపు ఫైనల్లో ఎవడూ ఆ సందులోంచి చూడకూడదు."

"వేసవిలో కంబళి దించమన్నవాణ్ణి నిన్నే చూస్తున్నా," అని గొణుక్కుంటూ వెళ్ళాడు కుబాత్.

"అన్నా, మరి మునారా?" అంది బురుల్.

"ఏం మునారా? రేపటికి గోడ నేలదాకా ఉంటుంది. నీ పట్టిక చెప్పింది నిజమవుతుంది. ఎవరొచ్చి చూసినా నిజమే."

"మొన్న నిజం కాదు."

"కూర్చో," అన్నాడు మెదెర్‌బెక్. గొంతులో కోపం లేదు, అదే కష్టం. "ఒక్క పిల్ల మీద వేటు ఎత్తేస్తావు. బాగుంది. ఎందుకెత్తావంటారు. పట్టిక తప్పంటావు. అప్పుడు వసంతంనుంచి ఆ పట్టిక పట్టిచ్చినవాళ్ళంతా తలుపు కొడతారు. వాళ్ళలో సగం మంది పచ్చి దొంగలు, నీకూ తెలుసు నాకూ తెలుసు. ఎవడు దొంగో ఎవడు కాదో ఏ లెక్కతో విడదీస్తావు? అందర్నీ లోపలికి వదులుతావా? దొంగలొస్తే మంచివాళ్ళు ఆట మానేస్తారు. అప్పుడు ఈ పై అంతస్తు కూడా పళ్ళ డాక్టరుకే."

బురుల్‌కి కూడా తెలుసు, ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు. సాయంత్రం కుబాత్ పని ముగించాక ఆమె వెళ్ళి చూసింది. కంబళి చక్కగా నేలని ఆనుకుని ఉంది, కుట్టు కూడా కలిపాడు. గోడ వచ్చి లెక్కకి ఒదిగింది. ఒక్క క్షణం ఆమెకి హాయిగా అనిపించింది. ఆ హాయికి తనమీద తనకే అసహ్యం వేసింది.

*

శనివారం ఉదయం మునారా క్లబ్బులో తన కుర్చీలో ఉంది కానీ ఆడటం లేదు. తెర ఆరిపోయి ఉంది. చేతిలో జెన్నెత్ ఇచ్చిన పుల్లటి మక్సిమ్ జావ గ్లాసు, తాగకుండా పట్టుకుని కూర్చుంది. ఫైనల్ మధ్యాహ్నం. ఆమె స్థానంలో ఇంకో కుర్రాణ్ణి తీసుకున్నారు.

బురుల్ ఎదురుగా నిలబడింది. దారిపొడవునా కూర్చుకున్న మాటలన్నీ పోయాయి. "నువ్వు చెప్పింది నిజం," అంది. "అంచు ఎత్తే ఉంది. నేను చూశాను."

మునారా తలెత్తలేదు. "ఎవరు పంపారు?"

"ఎవరూ పంపలేదు."

"రికార్డు చేస్తున్నారా? నేనేదన్నా అంటే అది కూడా పలకమీద పెడతారా?"

"లేదు మునారా. నిజంగానే వచ్చాను."

"సరే, చూద్దాం," అని మునారా కంప్యూటర్ పెట్టింది. "మీ పేరుతోనే ఎక్కుతాను, నాకు తలుపులు మూశారుగా." బురుల్ తన రహస్యపదం కొట్టింది. మునారా పచ్చికలోకి దిగి, గుడారం దగ్గరికి పరిగెత్తి, రోజూ పడుకునే చోట పడుకుంది. చుట్టూ ఉన్నవాళ్ళు ఆటలాపి మెడలు చాచారు.

కంబళి నేలదాకా ఉంది.

మునారా చాలాసేపు దాన్ని చూసింది. తరవాత కుర్చీ తిప్పి బురుల్‌ని చూసింది. "ఏదక్కా? ఎక్కడ? చూపించండి." గొంతులో వెటకారం లేదు. నిజంగానే తాను పొరబడ్డానేమో, ఇన్నాళ్ళూ లేనిది చూశానేమో అన్న భయం ఉంది.

ఆ భయం చూశాక బురుల్‌కి ఇక ఏ లెక్కా అడ్డు రాలేదు. "నిన్న సాయంత్రం దించారు," అంది, అందరికీ వినబడేలా. "ముందు ఎత్తి ఉండేది. నువ్వు చూసింది ఉంది. లేదని చెప్పింది నా లెక్క. లెక్క తప్పు. లెక్కతో కలవాలని గోడ దించారు. నేను పక్కనే ఉండి కూడా ఆపలేదు."

ఎవడో ఈలవేశాడు. జెన్నెత్ గల్లా దగ్గర్నుంచి లేచి వచ్చింది.

"ఇక్కడ చెప్తే ఏం లాభం?" అంది మునారా. "ఎర్రగుర్తు పలకమీద పెట్టారు."

వేటు వేసిన చెయ్యే ఎత్తగలదు, ఆట నియమం అది. బురుల్ పక్కనే కూర్చుని పలక తెరిచి రాసింది. మునారా మీద వేసిన వేటు లెక్కలో లోపం వల్ల జరిగిందనీ, ఎత్తివేస్తున్నామనీ.

మునారా ఆమె భుజం మీదుగా చదివింది. "ఎవరి లోపం?"

బురుల్ ఒక పదం చేర్చింది. నా లెక్కలో.

"నాకొక్కదానికేనా?"

"అంటే?"

"మిగతావాళ్ళ మాటేంటి? నన్ను పట్టుకున్న పట్టికేగా వాళ్ళనీ పట్టుకుంది. నాకొక్కదానికి ఎత్తేస్తే, వెళ్ళి ఏడ్చి కాళ్ళు పట్టుకుని వచ్చిందంటారు. ఇక్కడివాళ్ళు నాకు తెలుసు."

"వాళ్ళలో దొంగలున్నారు."

"ఉన్నారు. వీడే ఉన్నాడు," అని మునారా గడ్డంతో పక్క కుర్చీలోని ఎల్దియార్‌ని చూపించింది. ఎల్దియార్ గింజలు నమలడం ఆపాడు. "వీడి యంత్రంలో గోడలుండవు. క్లబ్బంతా తెలుసు."

"ఏయ్, నామీద పడతావేంటి!" అన్నాడు వాడు.

"వీణ్ణి కూడా వదలమంటావా?" అంది బురుల్.

"వీడిమీద మీ దగ్గరేముంది?"

బురుల్ ఆలోచించింది. "పట్టిక."

"నామీద ఏముందో అదే."

బురుల్‌కి తెలుసు, పక్క కుర్చీలోనివాడు దొంగ. తమ్ముడి పేరుతో దూరానని కన్నుకొట్టి మరీ చెప్పాడు. మెదెర్‌బెక్ చెప్పిందంతా నిజమే, వీళ్ళు తిరిగి వస్తారు, ఆట పాడవుతుంది, పై అంతస్తు పోతుంది. ఒక్క ఈ పేరు వదిలేసి మిగతావి రాస్తే ఎవరడుగుతారు? కానీ ఏ ఆధారంతో వదిలేయాలి? వీడి నవ్వు నచ్చలేదనా? మొన్న మునారా చురుకుదనం నచ్చలేదు.

"రాయండక్కా," అంది మునారా మెల్లిగా. "వీడి పేరు కూడా రాయండి."

బురుల్ పట్టిక పట్టిచ్చిన పేర్లన్నీ రాసింది. మునారా పేరు కింద ఎల్దియార్ పేరు వచ్చింది. అందరి పక్కనా ఒకే మాట, కింద తన పేరు. మీట నొక్కగానే నేలమాళిగలోని తెరలన్నిటిమీదా ప్రకటన మెరిసింది, అదే క్షణంలో ఊళ్ళోని క్లబ్బులన్నిట్లోనూ మెరిసి ఉంటుంది. బురుల్ జేబులో ఫోన్ మోగడం మొదలుపెట్టింది. మెదెర్‌బెక్. ఆమె తీయలేదు. అది ఆగి మళ్ళీ మోగింది.

కాసేపటికి మునారా ఫోన్ కూడా మోగింది. జట్టు నాయకుడు. అటునుంచి గబగబా ఏదో చెబుతున్నాడు. మునారా విన్నంతసేపు విని, "ఆ రాతని మెచ్చుకుంటూ నువ్వు పెట్టిన గుర్తు ముందు తీసెయ్. వస్తున్నా," అని పెట్టేసింది. మక్సిమ్ గ్లాసు ఒక్క గుక్కలో ఖాళీ చేసి, చేతులు పంట్లానికి తుడుచుకుంది.

మెట్లదాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. బురుల్ ఏదో ఆశించింది. ఏం ఆశించిందో తనకే సరిగ్గా తెలియదు.

"ఆ అంచు ఎత్తించండి," అంది మునారా. "లేకపోతే ఈ పూట నాటకశాలలో ఎవరు చూసినా, నేనే అబద్ధమాడినట్టుంటుంది." అని ఎండలోకి వెళ్ళిపోయింది.

బురుల్ కుబాత్‌కి ఫోన్ చేసి చెప్పింది. టీ తాగేంతసేపట్లో అయిపోతుందన్నాడు. ఆ తరవాత చేయడానికేమీ మిగల్లేదు. ఆమె కుంగిన కుర్చీలోనే కూర్చుండిపోయింది. క్లబ్బులో పిల్లలు ఒక్కొక్కరే తమ ఆటల్లోకి తిరిగిపోయారు. ఆమెవైపు ఎవరూ చూడటం లేదు.

ఎల్దియార్ ఒక్కడే లేచి వచ్చాడు. ఎక్కడినుంచో వేడి టీ తెచ్చి ఆమె ముందు పెట్టి, చేతిని గుండెలకి ఆనించుకుని వంగాడు. కళ్ళల్లో నిజంగానే నీళ్ళున్నాయి.

"రహ్మత్ అక్కా," అని కృతజ్ఞత చెప్పాడు. "ఇంతకాలానికి నన్ను నమ్మింది మీరొక్కరే."